నాలుగు పట్టీల బెల్టు

రోజర్‌ని సమాధి చేసి వచ్చిన సాయంత్రం శివయ్య ఇంట్లోకి రాలేదు. నల్లకోటైనా విప్పకుండా నేరుగా గరాజులోకి వెళ్లి, పానా తీసుకుని, కారు డ్రైవరు సీటు వెనకున్న రెండు బోల్టులూ విప్పాడు. నడుముకి కట్టుకునే బెల్టుని బయటికి లాగి, మూలనున్న పాత టైర్ల మీదకి విసిరేశాడు. వంటింటి కిటికీలోంచి గౌరీదేవి అంతా చూస్తూనే ఉంది.  పొయ్యి మీద పప్పు పొంగుతుంటే మూత తీసి పక్కన పెట్టింది.

అది 1966, జూన్ నెల. వాళ్ల ఇల్లు ఆ చెరకు దీవిలో రోజ్ హిల్ అనే ఊళ్లో. శివయ్య దీవి రాజధాని పోర్ట్ లూయిస్‌లో ప్రభుత్వ ఆఫీసులో పెద్ద గుమాస్తా. గౌరీదేవి ఆసుపత్రిలో ఆపరేషన్ వార్డు నర్సు, పదహారేళ్ల అనుభవం. ఇంట్లో ఇంకా శివయ్య తల్లి ముత్యాలమ్మ, బడికెళ్లే కూతురు వసంతి ఉండేవారు. అందరికీ కలిపి బూడిదరంగు ఆంగ్లియా కారు ఒకటి. వారమంతా అది ఆఫీసు బండి. శనివారం ముత్యాలమ్మని గుడికి తీసుకెళ్లే బండి. నెలకో ఆదివారం మాత్రం తలుపులకి అంకెల కాగితాలు అంటించుకుని, షెమాన్ గ్రెనియే ఊరు దాటాక చెరకు తోటల మధ్య ఉన్న పాత రన్‌వే మీదకి పందేనికి వెళ్లేది. యుద్ధకాలంలో విమానాల కోసం పోసి, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోని మైలు పొడవు కాంక్రీటు అది. రెండు చివరలా ఇనప పీపాలు పెట్టి, వాటిని చుట్టి రావాలి. ఒక్కో కారూ ఒంటరిగానే వెళుతుంది. పోటీ అంతా గడియారంతోనే.

రోజర్ బ్యాంకు ఉద్యోగి, శివయ్యతో కలిసి బడికి వెళ్లినవాడు. ఇద్దరూ ఒకే రోజు, ఒకే కొట్లో నడుం బెల్టులు కొనుక్కున్నారు. ఆ నెల పందెంలో పీపా చుట్టూ తిరుగుతుండగా రోజర్ కారు అదుపు తప్పి, రన్‌వే దిగి, రాళ్లగుట్టకి కొట్టుకుంది. మన తాతలు చెరకు పొలాల్లోంచి ఏరి పోసిన నల్లరాళ్ల గుట్టలు ఆ చుట్టుపక్కల ఎటు చూసినా ఉంటాయి. రోజర్ ముఖం స్టీరింగుకి తగిలి పగిలింది. అయినా తెలివిలోనే ఉన్నాడు, ఆసుపత్రికి తెచ్చేటప్పుడు నవ్వడానికి కూడా ప్రయత్నించాడు. మూడో రోజున పోయాడు.

చావింట్లో అందరిదీ ఒకటే మాట. సెంతీర్ చంపేసింది, అంటే ఆ బెల్టే చంపేసింది అన్నారు. కట్టుకోకపోయి ఉంటే బయటికి ఎగిరి చెరకులో పడి బతికేవాడని రోజర్ బావమరిది అన్నాడు. పక్కవాళ్లు తలలూపారు. రోజర్ భార్య మోనిక్ మాత్రం ఎటో చూస్తూ కూర్చుంది. శివయ్య ఆ మాట మోసుకొచ్చి గరాజులో పానా పట్టుకున్నాడు.

గౌరీదేవికి ఆ మాట మింగుడు పడలేదు. రోజర్ చొక్కా కత్తిరించి తీసింది ఆమే. పొట్టకి అడ్డంగా ఊదారంగు గీత ఉంది, బెల్టంత వెడల్పున. కటి ఎముక మీద లేదది. ఎముకకి మూడు వేళ్లు పైన, మెత్తటి చోట ఉంది. సాయంత్రానికల్లా పొట్ట చెక్కపలకలా బిగుసుకుపోయింది. డాక్టరు కోసి చూస్తే లోపల పేగు చీలిపోయి ఉంది. బెల్టు చంపిందనడం సగం నిజం. ఆ సగం నిజం పూర్తి అబద్ధం కన్నా ప్రమాదమని ఆమెకి అనిపించింది. ఎందుకంటే దాన్ని నమ్మి ఇప్పుడు తన మొగుడు ఏ కట్టూ లేకుండా పందేనికి వెళ్లబోతున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆమె గరాజులోకి వెళ్లి, టైర్ల మీది బెల్టు తీసుకుని, కారులో కూర్చుని శివయ్యని పిలిచింది. అతను వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“మీరు దీన్ని ఎక్కడ కట్టుకునేవారు? చేత్తో చూపించండి” అంది.

శివయ్య బొడ్డు కింద చెయ్యి పెట్టి చూపించాడు. ఆమె అతన్ని సీట్లో కూర్చోబెట్టి, అతని తుంటి దగ్గర ముందుకి పొడుచుకొచ్చే ఎముకని వేళ్లతో వెతికి నొక్కింది.

“ఇక్కడుండాలి. ఈ రెండు ఎముకల మీద, ఇంకా కిందకి లాగి, బిగించి. ఎముక దెబ్బకి ఓర్చుకుంటుంది. పేగు ఓర్చుకోదు. రోజర్‌ని బెల్టు చంపలేదు. అది ఉండాల్సిన చోట లేకపోవడం చంపింది. మీ బోల్టుల కన్నాలు కూడా చూడండి, సీటుకి ఎంత వెనక ఉన్నాయో. అక్కణ్నించి వచ్చే పట్టీ పొట్ట మీదకే ఎక్కుతుంది.”

శివయ్య కారు దిగాడు. తర్వాత, ఇక పందేలు మానేస్తాను, నీకు కావలసింది అదేగా అన్నాడు.

ఆమెకి కావలసింది అది కాదు. వసంతి పుట్టినప్పుడు అతను ఒకసారి మానేశాడు. రెండేళ్లు రన్‌వే మొహం చూడలేదు. ఆ రెండేళ్లూ రోజ్ హిల్ నుంచి పోర్ట్ లూయిస్ దాకా బస్సుల మధ్య, సైకిళ్ల మధ్య, చెరకు లారీల మధ్య కారుని అతను ఎలా తోలాడో ఆమె పక్క సీట్లో కూర్చుని చూసింది. మనిషి నోట్లో నాలుక లేనట్టుంటాడు, ఆఫీసులో పై అధికారి ఎంతమాటన్నా ఫైలు వైపు చూస్తూ నిలబడతాడు. ఆ మింగినదంతా ఎక్కడో ఒకచోట బయటపడాలి. ఎదురుగా ఎవరూ రాని రన్‌వే మీద పడితేనే నయమని ఆమె అప్పుడే తేల్చుకుంది.

“మానక్కర్లేదు. కానీ బెల్టు నేను ఎంచుతాను. నేను సరే అనేదాకా మీరు వెళ్లకూడదు. నెల పట్టినా, ఆరు నెలలు పట్టినా” అంది.

శివయ్య ఒప్పుకున్నాడు. వారం పది రోజుల్లో తేలిపోయే సంగతే అనుకుని ఉంటాడు.

ఆ వారమే ఆమె డ్యూటీ దిగి పోర్ట్ లూయిస్ బస్సెక్కింది. కారు సామాన్ల కొట్టు యజమాని జోసెలిన్ ఆమెని చూసి, భర్తగారు రాలేదా అని అడిగాడు. రాలేదని చెప్పి, ఉన్నవన్నీ చూపించమంది. అతని దగ్గర రెండు రకాలే ఉన్నాయి. ఒకటి రోజర్ కట్టుకున్న నడుం బెల్టు. రెండోది కొత్తగా వచ్చింది, నడుం మీదుగా ఒక పట్టీ, భుజం మీదుగా ఏటవాలుగా ఒక పట్టీ. అది అడిగి తెచ్చుకుని ఇంటి దగ్గర శివయ్యకి తగిలించింది. రోడ్డు మీద ఎదురుదెబ్బకి అది మంచిదే, ఆమెకి నచ్చింది. కానీ రన్‌వే మీద దెబ్బ ఎదురుగానే తగలాలని లేదు, పీపా చుట్టూ తిరిగేటప్పుడు కారు పక్కకి జారుతుంది. ఆమె ఎడమవైపు సీట్లో కూర్చుని, శివయ్య చొక్కా పట్టుకుని తనవైపు ఒక్క గుంజు గుంజింది. నున్నటి సీటు మీద అతను పక్కకి ఒరిగిపోయాడు, భుజం పట్టీలోంచి జారి బయటికి వచ్చేసింది. ఇంకోసారి చేశారు. ఇంకోసారీ అంతే.

“ఇది పక్క సీటుకి ఉంచుదాం. మీకు రెండు భుజాలకీ పట్టీలు కావాలి” అందామె.

రెండు భుజాల పట్టీలున్నది జీన్ దగ్గర దొరికింది. జీన్ పని చేసేది సావాన్ ప్రాంతంలో ఒక చక్కెర మిల్లు వర్క్‌షాపులో, ఫిట్టరుగా. శివయ్య కారు బాగోగులు అతనే చూసేవాడు. యుద్ధం అయిపోయాక అమ్మేసిన సామాన్లలో ఒక విమానం పైలట్ సీటు పట్టీలు అతని తండ్రికి దొరికాయట. అరచేయంత వెడల్పు, వేలంత మందం, పట్టీల కొసలు కలిపి బిగించే ఇత్తడి కట్లు. చేతిలోకి తీసుకుంటే గుర్రానికి వెయ్యొచ్చనిపించేట్టు ఉన్నాయి. శివయ్య ముఖం విప్పారింది. విమానం పట్టీ కన్నా గట్టిది ఇంకేం ఉంటుంది, వచ్చే ఆదివారమే బిగించేద్దాం అన్నాడు. జీన్ కూడా సై అన్నాడు.

గౌరీదేవి పట్టీని మడతపెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మడత దగ్గర గోటితో గీరితే పసుపుపచ్చ పొడి రాలింది. ఆసుపత్రిలో స్ట్రెచర్ల పట్టీలు ఇలాగే ఉండేవి. చూడ్డానికి దిట్టంగా ఉండి, లావుపాటి రోగిని ఎత్తిన రోజున చటుక్కున తెగేవి. దీన్ని కృష్ణస్వామి మావకి చూపించాకే మాట్లాడదాం అంది.

కృష్ణస్వామి ఆమె తల్లికి తమ్ముడు. ముప్పై ఏళ్లుగా పోర్ట్ లూయిస్ రేవులో పని. ఓడలకెక్కించే చక్కెర బస్తాల తాళ్లు, పట్టీలు సరిచూడ్డం ఆయన బాధ్యత. ఆయన సరేనంటేనే బస్తా గాల్లోకి లేచేది. శనివారం మధ్యాహ్నం ఆమె, శివయ్య, జీన్ ముగ్గురూ ఆ విమానం పట్టీలు పట్టుకుని రేవుకెళ్లారు. ముసలాయన వాటిని వెలుతురుకి పట్టి చూశాడు. బట్ట కన్నా ముందు కుట్టు చూశాడు. నోటితో చెప్పకుండా రెండు చక్కెర బస్తాలు తెప్పించి, పట్టీలతో కట్టించి, చేతి క్రేనుకి తగిలించి లేపించాడు. బస్తాలు గాల్లో నిలిచాయి. శివయ్య గౌరీదేవి వైపు చూశాడు, చూశావా అన్నట్టు.

“నిలబెట్టి మొయ్యడం ఎవడైనా మోస్తాడు. పడ్డప్పుడు ఆపాలి” అన్నాడు కృష్ణస్వామి.

క్రేను మీద మనిషికి సైగ చేశాడు. అతను గొలుసుని మోచేతి పొడవు వదిలి గబుక్కున పట్టాడు. దెబ్బ తగలగానే కట్టు దగ్గర మడత పడ్డ చోట పట్టీ పుటుక్కుమంది. రెండో పట్టీ కుట్టు దారం వెంట చీరుకుపోయింది. బస్తాలు నేలమీద పడి ఒకటి పగిలింది. చక్కెర కాళ్ల మీదుగా పారింది. శివయ్య తెగిన కొసని పట్టుకుని అలా నిలబడిపోయాడు. మనిషి రెండు బస్తాల బరువు ఉండడు, కానీ గోడకి కొట్టుకున్న క్షణంలో రెండు బస్తాల కన్నా ఎక్కువ లాగుతాడని కృష్ణస్వామి నెమ్మదిగా చెప్పాడు. ఉప్పుగాలి, ఎండ, ఇరవై ఏళ్లు. బట్టకి అవి చాలు. పాతది, ఎవరు వాడారో తెలియనిది, ఎంత లావుదైనా సరే, తన మేనకోడలి మొగుడికి కట్టనివ్వనన్నాడు.

ఇక మిగిలింది కొత్తది తెప్పించుకోవడమే. పందేల క్లబ్బులో ఒకరి దగ్గర ఇంగ్లండు కంపెనీల కేటలాగు ఉంటే ఆమె తెచ్చుకుని, వంటింటి బల్ల మీద పరుచుకుని, రోగి చార్టు చదివినట్టు చదివింది. నాలుగు పట్టీల బెల్టులు అందులో రెండున్నాయి. ఒకదాంట్లో ఏ పట్టీకి ఆ కట్టు విడిగా ఉంది. రెండోదాంట్లో నాలుగూ వచ్చి పొట్ట కింద ఒకే కట్టులో కలుస్తాయి, దాని మీదున్న రేకుని ఒక్కసారి ఎత్తితే నాలుగూ వదులుతాయి. మొదటిది తేలిక, అందంగా ఉంది, శివయ్యకి నచ్చింది. విప్పుకోవడం నాకు తెలుసుగా అన్నాడు. విప్పేది మీరే అని ఎవరు చెప్పారు, మీరు తెలివి తప్పి ఉంటే దారిన పోయేవాడు విప్పాలి, వాడికి విప్పాల్సింది ఒక్కటే కనబడాలి అని ఆమె రెండోదానికి గీత పెట్టింది. ఉత్తరం విమానంలో వెళ్లింది. సరుకు ఓడలో రావాలి.

జీన్ ఈలోగా ఇంకో చిక్కు తెచ్చాడు. ఒక పత్రికలో బొమ్మ చూశాడట. నాలుగు పట్టీలు మనిషిని సీటుకి నిటారుగా అతికించేస్తాయి. కారు బోర్లా పడి పైకప్పు నలిగితే, పక్కకి ఒరగడానికి కూడా మనిషికి చోటుండదు. కప్పు తల మీదే పడుతుంది. అందుకని సీటు వెనక ఇనప గొట్టంతో కమాను బిగించాలి. భుజాల పట్టీలు నేలకి కాకుండా ఆ కమానుకి, భుజాల ఎత్తులో కట్టాలి. నేలకి కడితే దెబ్బ తగిలినప్పుడు పట్టీలు భుజాల్ని కిందకి నొక్కి వెన్నుపూసని నలుపుతాయి. గౌరీదేవి దానికి వెంటనే తలూపింది. వెన్ను నలిగినవాళ్లని ఆమె తిప్పి పడుకోబెట్టింది, వాళ్ల చూపు ఆమెకి తెలుసు.

కానీ కమాను వస్తే వెనక సీటు పోతుంది. చిన్న కుదుపుకి కూడా వెనక కూర్చున్నవాళ్ల నుదురు ఆ గొట్టానికి తగులుతుంది. ఆదివారాలు బిగించి సోమవారాలు విప్పేద్దామని శివయ్య అన్నాడు. అలా విప్పి బిగిస్తుంటే బోల్టుల పట్టు పోతుందని, ఒకసారి వేసింది వేసినట్టే ఉండాలని జీన్ చెప్పాడు. ఈ మాట ముత్యాలమ్మ చెవిన పడింది. పన్నెండేళ్లుగా వెనక సీట్లో కుడివైపు ఆమె చోటు.

“ఏటే గౌరీ, నా సీటు తీసీసి ఇనప గొట్టం పెడతారా? నేను గుడికి నడిచి ఎల్లాలా?” అంది.

“నువ్వు ముందు సీట్లో కూర్చో అత్తా. కొత్త బెల్టు కూడా ఉంది అక్కడ. నేనూ వసంతీ బస్సులో వస్తాం.”

“ముందు సీటు నీది కాదేటి?”

“ఇకనుంచి నీది.”

ముత్యాలమ్మ కి పూ ఫేర్ అని, అంటే ఏం చేస్తాం మరి అని, మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. కమాను ఇంకా రాకముందే, అలవాటు కావాలని, అప్పటినుంచే శనివారాలు గౌరీదేవి కూతుర్ని తీసుకుని బస్సుస్టాపులో నిలబడేది. వాన పడినా సరే. శివయ్య మొదటి రెండు వారాలు సిగ్గుపడ్డాడు. మూడో వారం, ఇంత అవసరమా అని అడిగాడు. అవసరమేనంది ఆమె.

జులై పందెం పోయింది. ఆగస్టుదీ పోయింది. వాళ్లు చూడ్డానికి కూడా వెళ్లలేదు. ఆ రోజుల్లో ఎక్కడ నలుగురు కలిసినా స్వాతంత్ర్యం కావాలా వద్దా అనే మాటే. ఆఫీసులో తోటి గుమాస్తా రంగయ్య, దేశమంతా కట్లు తెంచుకుంటానంటుంటే నువ్వు కొత్త కట్లు తెప్పించుకుంటున్నావా అని శివయ్యని ఏడిపించాడు. శివయ్య ఇంటికొచ్చి కసిగా చెప్పాడు, క్లబ్బులో తనని పిరికివాడనుకుంటున్నారని కూడా చెప్పాడు. గౌరీదేవి వింది. మోనిక్‌ని అడిగి చూడండి, పిరికివాడి పెళ్లాంగా ఉండటం ఇష్టమో ఇప్పుడున్నట్టు ఉండటం ఇష్టమో అంది. 

సెప్టెంబరు చివర్లో పెట్టె వచ్చింది. బెల్టు నీలంరంగులో, మెత్తగా, కొత్తబట్ట వాసనతో ఉంది. జీన్ మిల్లులో గొట్టం వంచి కమాను చేసి తెచ్చాడు. బిగించడానికి రెండు ఆదివారాలు పట్టింది. కారు అడుగురేకు ఒకచోట ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంటే జీన్ దాన్ని కోసేసి మందపాటి రేకు అతికాడు. బోల్టుల కింద అరచేయంత ఇనప పలకలు పెట్టాడు. ఎంత మంచి పట్టీ అయినా పట్టుకున్న రేకు ఊడితే ఏం లాభం అన్నాడు. నడుం పట్టీ బోల్టులు ఎక్కడ వెయ్యాలో మాత్రం గౌరీదేవి చెప్పింది. శివయ్యని కూర్చోబెట్టి, కటి ఎముక మీదుగా దారం పట్టి, నేల మీద సుద్దతో గుర్తు పెట్టింది. బిగించాక అతను కదలబోతే కదల్లేకపోయాడు. ఊపిరి ఆడటం లేదన్నాడు. ఊపిరి ఆడుతోంది, మాట్లాడుతున్నారుగా అందామె. తర్వాత కళ్లు మూయించి, ఒక్క చేత్తో విప్పించింది. ఇరవైసార్లు. ఎడమ చేత్తో ఇరవైసార్లు.

అక్టోబరు పందేనికి వెళ్లారు. గౌరీదేవి జీన్ పికప్‌లో, మందుల సంచి ఒళ్లో పెట్టుకుని వచ్చింది. శివయ్య మొదటి పరుగు శుభ్రంగా, కాస్త నెమ్మదిగా చేశాడు. రెండో పరుగుకి ముందు సముద్రం వైపు నుంచి ఒక మబ్బు వచ్చి, ఎండ ఉండగానే చినుకులు రాల్చి పోయింది. ఈ చివర కాంక్రీటు పొడిగానే ఉంది. ఆ చివర తడిసిందని ఎవరికీ తట్టలేదు.

దూరంనుంచి కారు అగ్గిపెట్టెంత కనబడుతోంది. పీపా దగ్గర తిరిగింది, తిరుగుతూనే ఉండిపోయింది. పక్కవాటుగా జారి, కాంక్రీటు అంచు దిగి, చక్రం మట్టిలో దిగబడి, లేచి పొర్లింది. ఒకసారి పూర్తిగా తిరిగింది. రెండోసారి సగం తిరిగి, చక్రాలు పైకెత్తుకుని చెరకులో ఆగిపోయింది. శబ్దం ఆ తర్వాత వినబడింది.

 గౌరీదేవి సంచి తీసుకుని పికప్ ఎక్కి, జీన్‌తో పద అంది. ఆ మైలు దూరంలో ఆమె మనసులోకి దేవుడి పేరేదీ రాలేదు. నాలుగు బోల్టులూ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి, ఎక్కడ ఏది వేశారో.

వాళ్ల కన్నా ముందు కారు దగ్గరికి చేరింది వీరయ్య అనే తోట కాపలాదారు. జన్మలో కారెక్కని మనిషి. లోపల తలకిందులుగా వేలాడుతున్న మనిషిని, ఆ పట్టీల్ని చూసి, వాటన్నిటికీ మధ్యలో ఒకే ఒక రేకు కనబడితే, తన భుజం శివయ్య కింద ఆనించి, దాన్ని ఎత్తాడు. నాలుగూ వదిలాయి. వాళ్లు చేరేసరికి శివయ్యని చెరకాకుల మీద పడుకోబెట్టి ఉన్నాడు. కారు పైకప్పు ముందువైపు నలిగిపోయి ఉంది. కమాను ఉన్నచోట మాత్రం గుడారంలా నిలబడి ఉంది.

గౌరీదేవి మోకాళ్ల మీద కూర్చుంది. వేళ్లు కదపమంది, కాళ్లు కదపమంది. అతను కదిపాడు. ఎడమ భుజం ఎముక దగ్గర ముట్టుకుంటే మూలిగాడు, అక్కడ చిట్లి ఉంటుంది. చొక్కా కత్తిరించింది. రెండు భుజాల మీదా రెండు ఎర్రటి దారులు, అప్పుడే కమిలిపోతున్నాయి. ప్యాంటు నడుము దించి చూసింది. రెండు తుంటి ఎముకల మీద చెరో అచ్చు, సరిగ్గా ఎముక మీద. అప్పుడు అరచేయి పొట్ట మీద పెట్టి నొక్కింది. మెత్తగా ఉంది. కలిపి పెట్టిన పిండిలా మెత్తగా ఉంది. ఇంకోచోట నొక్కింది. అక్కడా మెత్తగానే ఉంది. ఆమె చెయ్యి తియ్యలేదు.

“ఏడుస్తున్నావా?” అన్నాడు శివయ్య.

“లేదు. మాట్లాడకండి” అంది, ముక్కు మోచేత్తో తుడుచుకుని.

ఆసుపత్రిలో రెండు రోజులు చూసి, పొట్టకి ఏమీ లేదని తేలాక, భుజానికి కట్టు కట్టి పంపించారు. జీన్ కారుని ఈడ్చుకొచ్చి గరాజులో పెట్టాడు. బెల్టుని విప్పి బయట అరుగు మీద పెట్టాడు. ముత్యాలమ్మ దాన్ని తడిగుడ్డతో తుడిచి, నాలుగు పట్టీలకీ పసుపూ కుంకుమా పెట్టి, దేవుడి గూట్లో పెట్టబోయింది. కొడుకుని బతికించింది మరి. శివయ్యకి వేరే లెక్క ఉంది. కారు బాగుచేసుకున్నాక దీన్నే మళ్లీ బిగించుకోవచ్చని, బెల్టుకి గీతైనా పడలేదని అన్నాడు.

గౌరీదేవి కుట్టుపెట్టెలోంచి టేపు తెచ్చి ఒక భుజం పట్టీ కొలిచింది. పెట్టెలోంచి తీసిన రోజున రాసిపెట్టుకున్న కొలత కన్నా నాలుగు వేళ్లు ఎక్కువుంది. నేత ఒకచోట పలచబడి, వెలుతురుకి పడితే జల్లెడలా కనబడింది. ఇది ఒకసారి సాగింది, సాగే మిమ్మల్ని ఆపింది, ఇంకోసారి సాగడానికి దీంట్లో ఏమీ మిగల్లేదు అని అతనికి చూపించింది. తర్వాత ఆసుపత్రి కత్తెర తీసుకుంది.

“అయ్యో, దేవుడికి పెట్టింది కదే” అంది ముత్యాలమ్మ.

“ఉంచితే ఎవరో ఒకరు కట్టుకుంటారు అత్తా. నేను లేనప్పుడు ఈయనే కట్టుకుంటారు.”

కొత్త బట్ట, మందం. కత్తెర ఒక పట్టాన దిగలేదు. రెండు చేతులతో నొక్కి, ఒక్కో పట్టీనీ జానెడేసి ముక్కలుగా కోసింది. శివయ్య భుజం కట్టుతో కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. ఆఖరి పట్టీ సగంలో ఆమె చెయ్యి నొప్పెట్టి ఆగితే, అతను లేచి వచ్చి, మంచిగా ఉన్న కుడిచేత్తో అవతలి కొస బిగించి పట్టుకున్నాడు. ఆమె మిగతాది కోసేసింది.

కొత్తది రావడానికి మూడు నెలలు పడుతుందా అని అడిగాడు. అంతకన్నా ఎక్కువే పట్టొచ్చని, కారు బాగవడానికీ, ఎముక అతకడానికీ అంత పడుతుందని చెప్పింది. అతను తలూపి, ఉత్తరం రాయడానికి కాగితం తీసుకురమ్మని వసంతిని కేకేశాడు.